బిగబట్టిన కాలు

డాక్టర్ జ్యోతిర్మయి రెండు దారులు చెప్పింది. సూర్యకళకు వినబడింది ఒక్కటే. మోకాలి కిందనుంచి కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టుకోవడం. రెండో దారి గురించి డాక్టరు ఇంకా ఏదో చెబుతూనే ఉంది గానీ, ఆ మాటలు ఫ్యాను చప్పుడులో కలిసిపోయాయి. పక్కన కూర్చున్న భర్త గురునాథరావు మాత్రం మందుల చీటీ వెనక ఏదో రాసుకున్నాడు.

"ఏటి బావా రాసినావు?" అని తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది. అతను ఆమెకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తరవాతా బావే.

"ఆటోనగర్లో షిరీన్ అని ఒక మేడమ్ ఉన్నాదంట. మన కాలికి అచ్చు తీసి, దానికి సరిపడా బ్రేసు సేత్తాదంట. అది తొడుక్కుని నడవగలిగితే ఆపరేషన్ అక్కర్లేదన్నాది డాక్టరమ్మ. రెండు నెలలు సూత్తానన్నాది."

"నడవలేకపోతే?"

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పద్నాలుగు నెలల కిందట కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద, అతని బండి వెనక కూర్చుని వస్తుండగా ట్రైలరొకటి ఒరుసుకుపోయింది. అతనికి మోచేయి దోక్కుపోయింది, అంతే. ఆమె కుడి మడమ, చీలమండ, దాని పైన ఎముక నలిగిపోయాయి. మూడు ఆపరేషన్ల తరవాత ఎముక అతికింది. కానీ కాలు మోపితే కాలిన పెనం మీద మడమ ఆనించినట్టు ఉండేది. బాలవాడిలో పిల్లల మధ్య రోజంతా నిలబడి గడిపిన మనిషి, ఉక్కునగరంలో రెండో అంతస్తు క్వార్టరులో మంచానికీ కిటికీకీ మధ్య మిగిలిపోయింది. ఆసుపత్రికి వెళ్ళాలంటే గురునాథరావు, పక్కింటి తాతబాబు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని దింపేవారు.

ఇంటికొచ్చాక సూర్యకళ ఆ కాలి వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసుకుంది. చిటికెన వేలికి సరిగ్గా స్పర్శ లేదు. చీలమండ బయటి వైపు కూడా మొద్దుబారిపోయింది. రోజూ ఏడిపించే కాలే. అయినా అది లేని ఒంటిని ఊహించుకోబోయి, దుప్పటి లాగి కాలు మీద కప్పేసింది.

షిరీన్ వర్క్‌షాపుకు ఒకవైపు లేత్ పనివాళ్ళ షెడ్డు, రెండోవైపు లారీ బాడీలు కట్టే షెడ్డు. ఆమె ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. తండ్రి కరీం బాషా ఒకప్పుడు వన్‌టౌన్‌లో తోలు బూట్లూ, పోలియో పిల్లల కాళ్ళకు ఊతంగా కట్టే ఇనుప క్యాలిపర్లూ చేసేవాడట. కూతురు ఈ చదువు చదివి వచ్చాక ఆమె దగ్గరే బ్రేసుల అంచులు నునుపు చేసే పనికి కూర్చున్నాడు.

షిరీన్ ఆమె కుడి కాలికి పల్చటి మేజోడు తొడిగి, తడిపిన ప్లాస్టరు గుడ్డ చుట్టింది. అది గట్టిపడే కొద్దీ వేడెక్కింది. బల్ల మీద గుండ్రటి పళ్ళ రంపం ఒకటి సూర్యకళ కంటపడింది.

"అది దేనికమ్మా?"

"కట్టు కొయ్యడానికక్కా. ఒంటికేటీ కాదు." షిరీన్ రంపం ఆడించి తన అరచేతికి ఆనించి చూపించింది. తోలు కూడా తెగలేదు. సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో ఎవరో ఇనుప పట్టీ కోయడం మొదలుపెట్టారు. సూర్యకళ కళ్ళు మూసుకుంది.

"కాలు వదిలీ అక్కా. బిగబట్టకు."

"వదిలీసినానమ్మా." వదిలేశాననే అనుకుంది.

పది రోజులకు బ్రేసు తయారైంది. నల్లటి కార్బన్‌తో చేశారు. మోకాలి కింద చిప్పలా పట్టుకుంటుంది, పిక్క వెనక రెండు బద్దలు స్ప్రింగులా వంగి లేస్తాయి, అడుగున పాదం ఆనడానికి గట్టి పళ్ళెం. "మడమ మీద పడాల్సిన బరువు మోకాలి కింద పడతాది. పాదం ఊరికే లోపల కూర్చుంటాది" అని చెప్పి, షిరీన్ ఆమెను రెండు కమ్మీల మధ్య నిలబెట్టింది.

సూర్యకళ కమ్మీలు వదల్లేదు. ఎడమ కాలి మీదే నిలబడి, కుడి కాలును నేలకు తాకించీ తాకించకుండా ఉంచింది. చంకల కింద చెమట పట్టింది. పడబోయే నొప్పి ఎలా ఉంటుందో ఆ ఒంటికి ముందే తెలుసు. ఎవరూ తొందరపెట్టలేదు. కరీం బాషా పని ఆపి చూస్తున్నాడు. చివరికి ఊపిరి బిగబట్టి బరువు మోపింది.

నొప్పి రాలేదు.

రాకపోయేసరికి ఇంకా భయమేసింది. చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు ఒళ్ళంతా జల్లుమంది. ఇంకో అడుగు వేసింది. అప్పుడూ రాలేదు. గురునాథరావు గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

"రోజూ విప్పగానే కాలు సూసుకోవాలక్కా" అంది షిరీన్. "ఎక్కడైనా ఎర్రగా ఉండి, పావుగంటైనా తగ్గకపోతే తొడగడం ఆపీ. నాకు ఫోన్ సెయ్యి. ముఖ్యంగా స్పర్శ లేని దగ్గర."

అయిదు రోజులు సూర్యకళ ఇల్లంతా తిరిగింది. పొయ్యి దగ్గర నిలబడి పోపు వేసింది. ఆరో రోజు విప్పి చూస్తే చీలమండ బయట రూపాయి బిళ్ళంత ఎరుపు. పావుగంట చూసింది. అరగంట చూసింది. తగ్గలేదు.

ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసింది. ఇది సరిపోలేదని తేలితే రెండో దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలేది మొదటిదే. ఎరుపు మీద కొబ్బరినూనె రాసి, దూది పెట్టి, పైన మేజోడు లాక్కుంది. సాయంత్రం షిరీనే ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాదమ్మా, ఏటీ లేదు" అంది.

తొమ్మిదో రోజుకు తోలు ఊడింది. అక్కడ స్పర్శ లేదు కాబట్టి నొప్పీ తెలియలేదు. దూది మార్చేటప్పుడు సన్నగా వాసన వచ్చింది. బావ పక్కన కూర్చుంటే కాలు దూరంగా జరుపుకునేది. అగరుబత్తి వెలిగించేది. పదో రోజు బావ డ్యూటీకి వెళ్ళాక చలిజ్వరం మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి మేజోడు విప్పి కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది. పుండు దగ్గర్నుంచి పిక్క మీదుగా పైకి, దారంలాంటి ఎర్రటి చార మోకాలి వైపు పాకుతోంది.

కాలు తియ్యడానికి డాక్టరు చెప్పిన మోకాలి కింది హద్దును కూడా అది దాటిపోతుందేమో అనిపించింది ఆమెకు. అప్పుడు నంబరు నొక్కింది.

"షిరీనమ్మా, నాను అబద్ధం సెప్పినాను."

"వత్తన్నానక్కా. తలుపు గడియ తీసుంచు."

షిరీన్ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. పుండు చూసి, బ్రేసు తీసి తన సంచిలో పెట్టేసుకుంది. తిట్టినా సూర్యకళ అంత భయపడేది కాదు. తాతబాబుకు కేకేసి, కుర్చీలో దింపించి, ఆసుపత్రిలో చేర్చారు.

జ్యోతిర్మయి ఇంజెక్షన్లు మొదలుపెట్టించి, బాల్‌పెన్నుతో ఎరుపు అంచు వెంబడే పిక్క చుట్టూ గీత గీసింది. "ఎరుపు ఈ గీత దాటి పైకి వస్తే వెంటనే నర్సుకి చెప్పండి."

దాటితే ఏం చేస్తారో సూర్యకళకు అడక్కుండానే తెలుసు.

మర్నాడు పగలంతా భార్యాభర్తలిద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు. పొద్దున్న ఎరుపు గీతకు గోరంత కిందకు దిగి ఉంది. మధ్యాహ్నానికి మళ్ళీ గీతను తాకింది. గురునాథరావు నర్సును పిలుచుకొచ్చాడు. ఆమె చూసి, దాటలేదు కదా, చూస్తుండండి అని వెళ్ళిపోయింది. అతను స్టూలు మంచానికి దగ్గరగా లాక్కున్నాడు.

"ఆ రోజు బండి అద్దంలో సూసినాను" అన్నాడు ఉన్నట్టుండి. "ట్రైలరు వత్తందని తెల్సు. అది వచ్చీలోగా రోడ్డు దాటీగలననుకున్నాను."

సూర్యకళ తల తిప్పి చూసింది. ఇన్ని నెలలూ ఈ కాలును అతను నేరుగా చూడకపోవడం అసహ్యం వల్లేనని అనుకుంది తను.

"ఇప్పుడెందుకు సెప్తన్నావు?"

"ఈ గీత సూత్తంటే ఆగలేదు. వచ్చీసినాది."

కోపం వచ్చింది. చాలా వచ్చింది. కానీ ఆ కోపానికి చోటివ్వనంత భయం లోపల నిండి ఉంది.

"గీత సూడు బావా" అంది. "మిగతాది తర్వాత మాటాడుకుందాం."

మూడో రోజు పొద్దున ఎరుపు గీతకు వేలెడు కిందకు దిగింది. నాలుగో రోజు చార కనబడలేదు. ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. మిగతా మాటలు ఇంటి దగ్గర జరిగాయి. రెండు రోజులు ఆమె అతనితో అన్నం తింటావా అని అడిగేంత వరకే మాట్లాడింది, మూడో రోజు అదీ తగ్గింది, తరవాత నెమ్మదిగా మామూలయింది.

పుండు మానాక మళ్ళీ ఆటోనగర్ వెళ్ళారు. కరీం బాషా పాత బ్రేసును ఒళ్ళో పెట్టుకుని లోపలంతా బొటనవేలితో తడిమాడు. "తప్పు బ్రేసులో లేదమ్మా, అచ్చులోనే ఉన్నాది" అన్నాడు. "ఆ రోజు నువ్వు భయంతో పాదం లోపలికి తిప్పి బిగబట్టినావు. బిగబట్టిన కాలుకే కొలత తీసినాం. ఇంటికెళ్ళి నువ్వు స్థిమితపడితే కాలు వదులైనాది. అప్పుడు బయటెముక అంచుకి కొట్టుకున్నాది."

"నాది తప్పు అబ్బా" అంది షిరీన్ తండ్రితో. "తెలిసీ ఆగలేదు నాను." సూర్యకళ వైపు తిరిగింది. "ఈసారి ఎంతసేపైనా పర్లేదక్కా. పక్క షెడ్డోళ్ళు టీకి వెళ్ళినాకే మొదలెడదాం."

ఈసారి సూర్యకళ భయం లేదని బుకాయించలేదు. "ఇంకా బిగుసుకునే ఉన్నాది" అని తనే చెప్పింది, రెండుసార్లు. కరీం బాషా కాలిని అరచేతుల్లో పెట్టుకుని, ఎప్పుడో తన దగ్గరికొచ్చిన పోలియో పిల్లల సంగతులు చెబుతూ కూర్చున్నాడు. గంట తరవాత కాలు దానంతటది బరువుగా వాలింది. అప్పుడు ప్లాస్టరు చుట్టారు.

కొత్త బ్రేసుతో ఆమె డాక్టరు గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి చూపించింది. "ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం" అంది జ్యోతిర్మయి. "ఎప్పటికీ అక్కర్లేదని మాత్రం చెప్పలేను. ఆరు నెలలకోసారి చూస్తాను." ఆ రెండో మాట సూర్యకళను ఇంటిదాకా వెంటాడింది. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆమె గోడ వదల్లేదు. గురునాథరావు ఒక మెట్టు కింద చేతులు చాచుకుని వచ్చాడు.

మూడు వారాల తరవాత ఒక సాయంత్రం, బ్రేసు విప్పేసరికి పిక్క మీద కొత్తగా ఎరుపు కనబడింది. పాత ఆలోచనే మళ్ళీ వచ్చింది. దూది ఎక్కడుందో కూడా గుర్తొచ్చింది. ఇరవై నిమిషాలు చూసి, ఫోన్ చేసింది.

"షిరీనమ్మా, ఎర్రగా ఉన్నాది. తగ్గలేదు."

"రేపొద్దున రా అక్కా. అందాకా తొడక్కు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక ఆటోనగర్లో కరీం బాషా బ్రేసు అంచునొకదాన్ని బియ్యపు గింజంత మేర అరగదీశాడు. సూర్యకళ దాన్ని తొడుక్కుని, షెడ్డుల మధ్య మట్టి దారిలో మెల్లగా బస్సు స్టాపు దాకా నడిచింది. బెంచీ మీద చోటు లేదు. బస్సు వచ్చేవరకూ బావ పక్కన నిలబడే ఉంది.