అంటు పాఠం

పోయిన ఏడు తనిఖీ పుస్తకంలో పడిన ఒక్క రాత రత్నబాబు మాస్టారికి ఏడాది పొడుగునా అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది: "పిల్లలకు తమ పేరు వ్రాయుట రాదు. వచ్చే సంవత్సరము ప్రగతి లేనిచో బడి ఎత్తివేయబడును." ప్రగతి లేకపోతే బడికి అధోగతి. బడి పోతే నలభైమంది పిల్లలకూ మామిడితోటల్లో చిలకలు తోలుకోవడమే గతి. మాస్టారికి ఆ గతీ లేదు.

అందుకే ఆగిరిపల్లి పక్కనున్న ఆ ఒంటిగది బడి ముందు ఉదయాన్నే జట్కా ఆగేసరికి, ఆయన గుండె కూడా ఆగినంత పనయింది.

దిగినాయన కొత్తగా వచ్చిన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు నారాయణరావుగారు. ముక్కుకి రుమాలు, చంకలో కాగితాల కట్ట.

"ఏమండీ మాస్టారూ, ఈ ఏడు కొత్త పాఠాల్లో ముఖ్యమైంది అంటువ్యాధులు. చెప్పారా?"

కొత్త పాఠాల సర్క్యులరు వచ్చిన మాట నిజమే. దాన్ని మాస్టారికంటే ముందు చెదలు చదివేశాయి. మిగిలిన ముక్కలో 'అంటు' అని ఉంది, ఆ పక్కన చిల్లు. మామిడి సీమలో అంటు అంటే ఇంకేముంటుంది, అంటుకట్టడమే అనుకుని ఏడాదంతా అదే నేర్పారు. వ్యాధులు చెదల కడుపులో ఉన్నాయని ఇప్పుడే తెలిసింది.

"చెప్పానండి," అంది నోరు, ఆయన ఆపేలోపే.

ఇన్‌స్పెక్టరు లోపలికెళ్ళి ముందు వరసలో పిల్లని లేపారు.

"నీ పేరేంటమ్మా?"

"లేయా అండి."

"అంటు ఎలా వస్తుందమ్మా?"

"రాదండి. కట్టాలండి."

"కట్టడి చెయ్యాలంటావు! భేష్. ఏ కాలంలో ఎక్కువ?"

"వానాకాలమండి."

"భేష్! ఎలా అంటుకుంటుంది?"

"ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనండి. తోలు గీసుకుపోయి ఉండాలండి."

"గాయంలోంచి అన్నమాట!"

ప్రతి భేషూ మాస్టారిని ఒక మెట్టు పైకెక్కిస్తోంది. ఎక్కేకొద్దీ పడే ఎత్తు పెరుగుతోంది మరి.

"అంటుకోకుండా ఏం చెయ్యాలి?"

లేయా మాస్టారి వంక చూసింది. మాస్టారు కళ్ళతోనే బతిమాలారు. కళ్ళభాష ఆ ఏడు పాఠాల్లో లేదు.

"అంటుకోకుండానా? అదేంటండీ! అంటుకోవాలనే కదండీ మాస్టారు మా అందరి చేతా చేయించింది! నలభైకి ముప్పైరెండు బతికాయండి. ఎనిమిది చచ్చిపోయాయండి."

ఇన్‌స్పెక్టరు హాజరుపట్టీ తెరిచారు. నలభై పేర్లు. ఎదురుగా ముప్పైరెండు తలలు. రుమాలు ముక్కు మీంచి నుదుటికెక్కింది.

"ఏం చేశారయ్యా పిల్లల్ని?"

"మొక్కలండీ! మీకు మొక్కుతాను, మొక్కలు! రాని పిల్లలు సంతకెళ్ళారండి!"

మాస్టారు ఆయన్ని బడి వెనక్కి తీసుకెళ్ళారు. వరసగా ముప్పైరెండు కుండీలు. చెదలు తిన్న కాగితం చేతిలో పెట్టి, జరిగింది చెప్పి, తల దించుకున్నారు. చెప్పానన్నది అబద్ధమనీ చెప్పారు. ఇక బడి పోయినట్టే.

ఇన్‌స్పెక్టరు వంగి చూశారు. ప్రతి మొక్కకీ ఒక తాటాకు ముక్క, దాని మీద మేకుతో గీసిన అక్షరాలు. "లేయా. ఆషాడం. చిన్నరసం." "గంగరాజు. తోలు మూడు అంగులాలు గీశాను." ముప్పైరెండూ చదివారాయన, తనిఖీ పుస్తకంలో పోయిన ఏటి రాత పక్కన పెట్టుకుని.

"ఇవెవరు రాశారు?"

"ఎవరి మొక్కకి వాళ్ళేనండి. మొక్క మారిపోతుందని వాళ్ళ భయమండి."

ఆయన లేయా చేతికి మేకూ ఆకూ ఇచ్చి, "నా పేరు నారాయణరావు. రాయి," అన్నారు. పిల్ల నాలిక బయటపెట్టి 'నారాయనరావు' అని గీసి, "మీ మొక్కేదండీ?" అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఆ ఆకు జేబులో వేసుకుని, పుస్తకంలో ఏదో రాసి, జట్కా ఎక్కేశారు.

బండి మలుపు తిరిగేదాకా మాస్టారికి పుస్తకం తెరిచే ధైర్యం రాలేదు. తిరిగాక తెరిచారు.

"అంటువ్యాధులు: చెప్పలేదు. అబద్ధము: చెప్పినారు. వ్రాత: అంటుకున్నది. బడి ఉండును. ఆరు వారములలో మరల వత్తును."

బడి ఉండును దగ్గర ఊపిరి వచ్చింది. మరల వత్తును దగ్గర మళ్ళీ పోయింది.

"వణుకుతున్నారేంటండీ మాస్టారూ? చలిజ్వరమా?" అంది లేయా.

"కాదమ్మా. భయం."

"అదీ అంటుకుంటుందాండీ?"

మాస్టారు పిల్లల నుంచి రెండడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచే కొత్త పాఠం మొదలుపెట్టారు.