ముల్లంగి తొట్టి మీద రాయి

నేను ఒక రాయిని. చెక్కిన రాయిని కాను, మొక్కే రాయిని కాను, మైలురాయిని అసలే కాను. తమ కథ చెప్పుకునే వస్తువులు చాలావరకు ఫలానా కర్మాగారంలో పుట్టాననో, ఫలానా పనివాడి చేతిలో రూపు దిద్దుకున్నాననో మొదలుపెడతాయి. నన్ను ఎవరూ తయారు చేయలేదు. జపాన్ ఉత్తరాన, అకితా కొండల్లోంచి దూకే ఒక యేరు నన్ను కొన్ని వేల ఏళ్ళు దొర్లించి నా కోణాలన్నీ అరగదీసింది. నన్ను మార్చేశానని ఆ యేరు అనుకుంటూ ఉండవచ్చు. నేను నునుపెక్కాను, అంతే.

రాయి అంటే మనుషులకు చిన్నచూపు. ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం అంటారు. నేను బెల్లం కొట్టలేదు. ఎనభై ఏళ్ళకు పైగా ముల్లంగిని నొక్కాను. కూర్చోవడమే నా ఉద్యోగం. ఆ పని నాకన్నా బాగా చేసేవాళ్ళుంటే చూపించండి, తప్పుకుంటాను.

నన్ను ఏటిలోంచి తీసినావిడ పేరు మాత్సు. కొత్త కోడలిగా ఆ లోయకు వచ్చిన ఏడాది, ఊరగాయ తొట్టి మీద పెట్టడానికి బరువు వెతుక్కుంటూ ఒడ్డుకొచ్చింది. ఒక్కో రాయినీ గులకరాయితో కొట్టి, మోగిన తీరు విని, పక్కకు తోసేసింది. లోపల పగులున్న రాయి ఉప్పునీటిలో పొరలు పొరలుగా రాలిపోతుంది. నన్ను కొట్టినప్పుడు ఖంగుమన్నాను. గడ్డితాడుతో వీపుకు కట్టుకుని, మధ్యలో రెండుసార్లు కూలబడి, నన్ను కొండ మీది ఇంటికి చేర్చింది.

ఆ లోయ వంట గురించి చెప్పకపోతే నా గొప్ప మీకు తెలియదు. జపాన్‌లో మిగతా చోట్ల ముల్లంగిని ఎండలో వేలాడదీసి, వడిలాక ఊరవేస్తారు. మా దగ్గర ముల్లంగి చేతికొచ్చే వేళకే మంచు మొదలవుతుంది, ఎండ ముఖం చాటేస్తుంది. అలాగని ఊరగాయ మానేశారా? ముల్లంగులను జడల్లా తాళ్ళకు అల్లి గుడిసె దూలాలకు కట్టారు. కింద చెర్రీ కట్టెలూ ఓక్ కట్టెలూ రాజేసి నాలుగైదు రోజులు పొగ పెట్టారు. సూర్యుడు రాకపోతే మానె, మాకు పొగ చాలన్నారు. దాన్ని ఇబురిగక్కో అంటారు. పొగచూరి ముడతలు పడ్డ ఆ ముల్లంగిని తవుడు, ఉప్పు, కాస్త చక్కెరతో దేవదారు తొట్టిలో వరసలుగా పేర్చి, చెక్కమూత వేసి, మూత మీద నన్ను కూర్చోబెడతారు. నలభై రోజులు కదలను. ముల్లంగిలోని నీరు ఊరి మూత పైకి వస్తుంది. అప్పుడు కోసిన ముక్క కరకరలాడుతుంది, నోట్లో ముందు పొగ, తరవాత ఉప్పు, ఆ వెనక తీపి తగులుతాయి.

కిను ఆ ఇంటికి మాత్సు కోడలిగా వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. సముద్రతీరపు పిల్ల. వాళ్ళ ఊళ్ళో ఊరవేసేది చేపను, అన్నంతో కలిపి. పొగగుడిసెలో అడుగుపెట్టిన మొదటిరోజు ఆమె కళ్ళ వెంట కారింది పొగ నీళ్ళో, ఏడుపు నీళ్ళో నేను పోల్చుకోలేకపోయాను.

"మా ఊళ్ళో ఇట్లా ఉండదు" అంది.

"మీ ఊళ్ళో సముద్రముంది. ఇక్కడ పొగ తప్ప ఏముందే?" అంది మాత్సు.

ఆ జవాబు కినుకు నచ్చలేదు. కానీ పొగ పని చేతికి పట్టుబడింది. మాత్సు పోయాక, ఆ తరవాత భర్త కూడా పోయాక, కిను ఆ తొట్టిని వదల్లేదు. లోయలో అలాంటి ఇళ్ళు పదకొండు ఉండేవి. పదకొండూ పదకొండు రుచులు. ఒకరు ఉప్పు జోరుగా వేసేవారు, ఇంకొకరు పర్సిమన్ పండు తొక్కలు ఎండబెట్టి కలిపేవారు. టీకి కూర్చుంటే అందరి గిన్నెలూ మధ్యలోకి వచ్చేవి. ఒక్క ముక్క కొరికి అది ఎవరింటిదో చెప్పేసేవారు. మిగిలినవి రోడ్డు పక్క సంతకొట్టులో అమ్మేవారు.

కినుకు ఎనభై రెండో ఏట కొత్త నిబంధన వచ్చింది. ఊరగాయ అమ్మాలంటే ఇకమీదట అనుమతి కావాలి. దానికి విడిగా గది, కడగడానికి వీలైన గోడలు, చేత్తో తిప్పే పని లేని కుళాయిలు ఉండాలి. శుభ్రత వద్దని నేనూ అనను. కానీ డెబ్బై దాటిన ఆడవాళ్ళు ఈ వయసులో గదులు ఎక్కడ కడతారు? ఒక్కొక్కరే మానేశారు. కిను చిన్ననాటి నుంచీ కాకపోయినా పెళ్ళినాటి నుంచీ నేస్తమైన ఫుమి అందరికన్నా ముందు మానేసింది. తన తొట్టిని పగలగొట్టి స్నానానికి నీళ్ళు కాచుకుంది.

"ఇంకెందుకు కినూ? మన రోజులు అయిపోయాయి" అంది.

"నీవి అయిపోతే నీతో చెప్పుకో" అంది కిను. ఆ తరవాత ఆరునెలలు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

కినుకు ఇంట్లోనూ మద్దతు లేదు. కోడలు చిహారు పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో వంటపనీ, ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే పనీ చేసేది. కొడుకు దూరాన రోడ్ల పనుల మీద తిరిగేవాడు, నెలకోసారి వచ్చేవాడు. మా దగ్గర కోడళ్ళు అత్తగారిని అమ్మా అనే పిలుస్తారు.

"అమ్మా, మీ నడుం చూసుకోండి. ఆ రాయి ఎత్తుతూ ఏ రోజో పడిపోతే నేనేగా చూడాలి" అనేది చిహారు. తప్పు మాట కాదు. నన్ను ఎత్తేటప్పుడు కిను మోకాళ్ళు చేసే చప్పుడు చిహారుకన్నా నాకే బాగా తెలుసు.

అప్పుడే జానపద వస్తువుల ప్రదర్శనశాల నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కనుమరుగైన వంటల విభాగం పెడుతున్నారట, తొట్టినీ రాయినీ ఇస్తే గాజుపెట్టెలో ఉంచి కింద పేరు రాయిస్తారట. నిజం చెప్పాలంటే నాకు క్షణకాలం ఆశ పుట్టింది. గాజుపెట్టెలో ఉప్పు తగలదు, చలి తగలదు. కిను ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, వెనకవైపు పెద్ద అక్షరాలతో జవాబు రాసి అదే కాగితం తిరిగి పంపింది. "చచ్చినవాటిని పెట్టుకోండి. ఇది పనిలో ఉంది." నా ఆశకు నేనే సిగ్గుపడ్డాను.

లోయలో పిల్లలు లేక మూతపడ్డ బడి ఒకటుంది. దాని వంటిల్లు అలాగే ఉంది, స్టీలు తొట్లు, పలకలు పరిచిన గోడలతో. కిను ఊరి కార్యాలయానికి తొమ్మిదిసార్లు తిరిగింది. తొమ్మిదోసారి వాళ్ళు విసిగిపోయి తాళాలిచ్చారు. పొగగుడిసె మట్టినేలకు సిమెంటు వేయించింది. పదిమంది పాత నేస్తాల ఇళ్ళకూ వెళ్ళి అడిగింది. ముగ్గురు వస్తామన్నారు. ఫుమి తలుపు తీయలేదు.

తనిఖీకి వచ్చిన అధికారి పేరు తెరుయి. నెమ్మదస్థుడు, బూట్లు విప్పి చక్కగా సర్దిపెట్టి మరీ లోపలికి వచ్చాడు. కుళాయిలు చూశాడు, గోడలు చూశాడు, తల ఊపాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"కినుగారూ, అన్నీ బాగున్నాయి. కానీ ఈ రాయి... మరతో నొక్కే ప్లాస్టిక్ తొట్లు దొరుకుతున్నాయి. అవైతే నాకూ రాయడం తేలిక."

"రాయి పెట్టకూడదని ఎక్కడుంది? ఆ మాట చూపించండి."

ఆయన కాగితాలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. "పెట్టకూడదని లేదు. ఆహారానికి దగ్గరగా ఉండే వస్తువు శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలని ఉంది."

"అంతేనా?" అంది కిను.

బడి వంటింట్లో పిల్లలకు పులుసు కాచిన పెద్ద గంగాళం ఒకటుంది. ఆమె దాన్ని నింపి పొయ్యి వెలిగించింది. మిగతా ముగ్గురూ సాయం పడితే నన్ను బ్రష్షుతో రుద్ది, గుడ్డలో ఉయ్యాలలా పట్టి నీళ్ళలోకి దించారు. ఏటి చలి ఎరుగుదును, మంచు ఎరుగుదును, నన్ను ఉడికించినవాళ్ళు మాత్రం అంతకుముందు లేరు. నీళ్ళు మరిగి నా చుట్టూ బుడగలు ఎగిరాయి. తెరుయి ఎదురుగా ఒక చిన్నపిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. గంట గడిచింది.

"చాలా? ఇంకో గంట ఉడకనివ్వమంటారా?" అంది కిను. "నాకేం తొందర లేదు. దానికీ లేదు."

ఆయన దూదిపుల్లతో నా ఒంటిమీద నాలుగుచోట్ల తుడిచి గొట్టాల్లో వేసుకుని పరీక్షకు పట్టుకెళ్ళాడు. పదిరోజులకు అనుమతి పత్రం వచ్చింది. అందులో పరికరాల పట్టికలో అచ్చుపడింది నా పేరు: రాయి, ఒకటి. ప్రతి ఏటా వాడేముందు ఉడికించవలెను. గాజుపెట్టె కింద పేరుకన్నా ఇది నాకు ఎక్కువ.

ఇక్కడితో కథ సుఖాంతమైతే నేను అబద్ధం చెప్పినట్టే. ఆ నవంబరులో ముల్లంగికి పొగ పట్టడం పూర్తయిన రోజే కిను మంచులో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఊరవేయడానికి సిద్ధంగా ఉన్న ముల్లంగి ఆగదు, నాలుగురోజులు ఆలస్యమైతే బూజే. తక్కిన ముగ్గురూ తమ తొట్లతో సతమతమవుతున్నారు. చిహారు ఆశ్రమంలో సెలవు పెట్టి, బడి వంటింటికి వచ్చి, నేరుగా కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. కట్టు కట్టిన చేత్తో కిను పక్కన నిలబడి చెబుతూ పోయింది. తవుడు కలపడం అయింది, చక్కెర అయింది, ఉప్పు దగ్గర చిహారు చెయ్యి ఆగిపోయింది.

"ఇంకో మూడు గుప్పిళ్ళు" అంది కిను.

"వెయ్యను."

"పులిసిపోతుంది."

"చలిగా ఉన్న నడవాలో పెడతాను. నలభై కాదు, అరవై రోజులు ఉంచుతాను. అమ్మా, నా దగ్గర ముప్పైమంది ముసలివాళ్ళున్నారు. డాక్టరు ఉప్పు వద్దన్నాడని ఊరగాయ పెట్టను. ముప్పైమందీ రోజూ అదే అడుగుతారు. ఒక్క ముక్క తిని పోతాం తల్లీ అంటారు. వాళ్ళ ముఖాలు మీరు చూడలేదు, నేను చూస్తున్నాను."

"మరి ఆ రుచి ఏమవుతుంది?"

"ఏమవుతుందో నాకూ తెలీదు."

అని చెప్పి వంగి నన్ను ఎత్తింది. మొదటిసారి ఎత్తేవాళ్ళంతా నడుంతో ఎత్తుతారు. ఆమె కాళ్ళతో ఎత్తింది. ఆశ్రమంలో మనుషుల్ని మంచాల మీంచి లేపే అలవాటు కాబోలు. నన్ను మూత నడిమధ్యన పెట్టి ఒక్కసారి కూడా సర్దలేదు.

అరవై రోజులు అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో ఉండీ ముభావంగానే ఉన్నారు. కిను రోజూ వచ్చి మూత పైకి నీరు వచ్చిందో లేదో చూసి వెళ్ళేది. పదిహేనో రోజున నీరు వచ్చింది. తొట్టి తెరిచాక చిహారు కోసిన ముక్క నోట్లో వేసుకుని, ఎంతోసేపు నమిలి, "ఇది మా అత్తది కాదు, నాదీ కాదు" అంది. ఇంకో ముక్క తీసుకుంది.

అమ్మాలంటే పొట్లం మీద చేసినవారి పేరు ఉండాలి. చిహారు కలం తీసుకుని, "మీ పేరే రాస్తున్నా. సంతలో అందరికీ తెలిసిన పేరు" అంది.

కిను ఎడమచేత్తో కలం లాక్కుంది. "నా పేరు పెడితే ఊరుకోను. ఈ రుచి నాది కాదన్నానా?" అంటూ వంకర అక్షరాలతో తనే చిహారు పేరు రాసింది.

"అమ్మా, అమ్ముడుపోకపోతే?"

"పోతే నీ పేరే పోతుంది. నాకేం?"

ఆదివారం సంతకొట్టులో పొట్లాలు పెట్టారు. రుచి చూడమని ఒక పళ్ళెంలో ముక్కలు కోసి ఉంచారు. మధ్యాహ్నం వేళ ఫుమి వచ్చింది. కినును చూడనట్టే పళ్ళెం ముందు నిలబడి ఒక ముక్క కొరికి, "ఉప్పు చాలలేదు" అంది, గాలితో చెప్పినట్టు.

అరవై రోజుల కింద తనూ అదే మాట అన్న కినుకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చాలకపోతే నీది చేసి తెచ్చుకో! కూర్చుని వంకలు పెట్టడం ఎవరికి చేతకాదు? బడి వంటింట్లో ఇంకా ఏడు తొట్లకు చోటుంది."

"తొట్టి తగలబెట్టేశానుగా" అంది ఫుమి.

"నా పాతదొకటి ఉంది. రాయి ఉందా?"

ఫుమి వెనుదిరిగి వెళ్ళిపోయింది. మరుసటి వారం, మంచు మీద పిల్లలు జారే చెక్కబండి ఒకటి తాడు కట్టి లాక్కుంటూ ఫుమి బడి గుమ్మం ముందు ఆగింది. బండి మీద, పాత దుప్పటి చుట్టి, ఆమె రాయి. చిహారు దాన్ని లోపలికి మోసుకొచ్చి నా పక్కనే దించింది. నేను చూశాను. నాకన్నా చిన్నది.