ఏడో మలుపు

పెద్దదైతే చల్లదనమూ పెద్దదే కదా అని ఎవడైనా అనుకుంటాడు, నేనూ అనుకున్నాను, బల్ల మీద ఇంటర్‌కూలర్లు రెండున్నాయి, ఒకటి తలగడంత, రెండోది అందులో సగం, టర్బో కుక్కిన వేడిగాలి ఇంజిన్‌లోకి వెళ్లేముందు వీటిలో ఒకదాంట్లో చల్లబడాలి, గంటలో చెల్లెలు ఈ కారును కొండదారి పందెంలో నడపాలి, బోల్టులు నాలుగే, ఏది బిగించాలో ఇరవై ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నవాడికి తెలియదా, తెలుసు, అయినా స్పానరు ఇంకా ఎత్తలేదు.

పోయినేడు పెద్దదే పెట్టాను, షెడ్డులో కారును రోలర్ల మీద నిలబెట్టి పరిగెత్తించి ఎదురుగా ఫ్యాను తిప్పితే అంకెలు ఆకాశానికెక్కాయి, మీసం మెలేశాను, కొండ మీద షెడ్డు ఫ్యాను ఎక్కడుంది, ఏడో మలుపులో చెల్లెలు పెడలు నొక్కితే అంత పెట్టె గాలితో నిండేదాకా ఇంజిన్ నిద్రపోయింది, నిండాక కారు ఒక్కసారిగా ఎగిరి గోడకు కొట్టింది, చెల్లెలి మోచెయ్యి విరిగింది, ఆసుపత్రి వరండాలో నాన్న అడిగితే కాలు ఆలస్యంగా వేసిందన్నాను, ఆ మాట చెల్లెలూ వింది, ఆడలేనివాడు మద్దెలను తిడతాడు, నేను మద్దెల చేసినవాణ్ణయి ఉండి ఆడిన పిల్లను తిట్టాను, మర్నాడు కారులోని రికార్డరు లెక్కలు కాగితం మీద అచ్చుతీసి చూస్తే కాలు సమయానికే పడింది, ఆ కాగితం నా పనిముట్ల పెట్టె అడుగున ఏడాదిగా ఉంది, చెల్లెలేమో భోజనాల బల్ల కింద కూడా కుడికాలితో నేలను నొక్కుతూనే ఉంటుంది, ఆ చప్పుడేమిటే అని అమ్మ అడిగితే ఏం లేదమ్మా అంటుంది, నేను కంచం ముందునుంచి లేచిపోతాను.

పోనీ నోరు మూసుకుని చిన్నది బిగించేస్తే, కారు చెప్పినట్టు వింటుంది, చెల్లెలు గెలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది, పాము చావదు కర్ర విరగదు, చిన్నది ఎత్తి పెట్టి రెండు బోల్టులు బిగించాను కూడా, అంతలో చెల్లెలు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి తొంగిచూసి, ఏది పెట్టినా నాకు ఒకటేలే అన్నయ్యా, ఈసారి మలుపు రాకముందే నొక్కేస్తా, ఏడాదంతా అదే సాధన చేశా అంది, నవ్వుతూ అంది.

రాకముందే నొక్కితే ఈ చిన్నది ఆగదు, నొక్కిన క్షణానే లాగుతుంది, మళ్లీ అదే గోడ, ఈసారి మోచేతితో పోదు, కూలర్ మార్చినంత మాత్రాన నేను చెల్లెలి కాలికి నేర్పిన అబద్ధం మారదు, స్పానరు కింద పెట్టాను, పనిముట్ల పెట్టె అడుగునుంచి ఆ కాగితం తీశాను, చెల్లీ, ఇలా కూర్చో, ఆ రోజు నీ కాలు సరిగ్గానే పడింది.