సారంగపాణికి వేసిన అంకె

వణుకుడు జబ్బు మనుషుల ఇళ్లకు వెళ్లి, ఎవరెంత నడవగలరో చూసి అంకె వేసే పని 1979 ఎండాకాలంలో డాక్టర్ పద్మకు అప్పగించారు. ఒకటి వేస్తే జబ్బు ఒంటికి ఒక పక్కనే ఉన్నట్టు. రెండు వేస్తే రెండు పక్కలా ఉన్నా, తూలకుండా నడవగలిగినట్టు. ఐదు వేస్తే, ఎవరైనా లేపితే తప్ప మంచం దిగలేనట్టు.

కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికిన సారంగపాణికి ఐదు వేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. లెమ్మంటే లేవలేదు. వేళ్లు ఆడించమంటే ఆడలేదు. రెప్ప పడని ఆ ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. భార్య లక్ష్మీనర్సమ్మ గంజి తాగించి మూతి తుడుస్తూ, మూడేళ్లుగా ఇంతేనని చెప్పింది.

పద్మ కాగితం మడుస్తుండగా, ఆయన తమ్ముడు రాజమల్లు అన్నం తిని వచ్చి పక్క గదిలో మగ్గం ఎక్కాడు. చప్పుడు మొదలైంది.

సారంగపాణి లేచాడు. ఎవరి చేయీ పట్టకుండా, మగ్గం దెబ్బకో అడుగు చొప్పున వేస్తూ మగ్గం గది గడప దాటాడు. ముఖం మాత్రం మంచంలో ఉన్నప్పటి ముఖమే. పద్మ మడిచిన కాగితం మళ్లీ విప్పింది.

దయ్యం పట్టిందంటారని ఈ సంగతి వాడకట్టులో ఎవరికీ చెప్పలేదని లక్ష్మీనర్సమ్మ గొణిగింది.

పద్మ సైగ చేస్తే రాజమల్లు చేయి ఆపాడు. సారంగపాణి మడమ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఎట్లా నడవగలిగారని ఆమె అడిగింది. పెదవులు మాత్రం కదిలాయి.

"నేను నడుస్తలేను బిడ్డా. ఆ సప్పుడే నడిపిస్తాంది."

"మగ్గం ఆగింది కదా."

"ఆగలే. నీకు ఇనబడ్తలేదా?"

గదిలో ఏ చప్పుడూ లేదు. ఆయన రెండో కాలు ఎత్తాడు. గోడ దాకా పోయి, తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

పద్మ ఐదు పక్కన రెండు కూడా రాసింది. ఒక మనిషికి ఒకటే అంకె ఉండాలని పెద్ద డాక్టరు కాగితం తిప్పి పంపాడు. దవాఖానకు పిలిపించి చూస్తే అక్కడ సారంగపాణి మొద్దులా పడి ఉన్నాడు. చివరికి ఐదే మిగిలింది.

అయినా పద్మ ఊరుకోలేదు. మగ్గం లెక్కన కర్రతో నేల మీద ఎట్లా కొట్టాలో లక్ష్మీనర్సమ్మకు నేర్పింది. ఆ దెబ్బల మీద ఆయన మరో రెండేళ్లు తన కాళ్లతో పెరట్లోకి పోయి వచ్చాడు. ఆమె కర్ర కొడుతూ వెనకాలే నడిచేది. ముందుకు వచ్చి, నడిచేటప్పటి ఆ ముఖం చూడటానికి మాత్రం ఏనాడూ ఆమెకు ధైర్యం చాలలేదు.