వెనక్కి తిరగని ఇంజను

వంజరం చేప కుడుములు ఈసారి కూడా ఫ్రిజ్‌లోనే గడ్డకట్టి ఉండిపోతాయి కాబోలు, మా అబ్బాయి హాయ్‌మింగ్‌కి ప్రాణం అవంటే, వాడు ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో, వాడి గస్తీ ఓడ దక్షిణ సముద్రంలో అమెరికా యుద్ధనౌకలకు ఎదురుగా తిరుగుతోందని కన్నతల్లిని నేను టీవీలో చూసి తెలుసుకోవాలి, ఏం ఖర్మ ఇది, అనుకుంటూ పడవలోంచి తాడునిచ్చెనకు చెయ్యి చాచానో లేదో పొగమంచులోంచి ఎర్రటి ఇనుప గోడలా ఓడ లేచింది, అమ్మో, తల ఎంత వెనక్కి వాల్చినా పైఅంచు కనిపించదు, ఇరవై ఏళ్ళుగా చైనాలోని ఈ చింగ్‌దావ్ రేవులోకి ఓడల్ని నడిపించి తెచ్చే పైలట్‌నే, అయినా ఎక్కిన ప్రతిసారీ ఇంత కొండ నీళ్ళ మీద ఎలా తేలుతోందా అని నోరు తెరుచుకునే ఎక్కుతాను, కడుపు నిండా అమెరికా సోయా, ఎవరో రైతు చేలో పండింది మహాసముద్రం దాటివచ్చి మా పందుల్ని మేపుతుంది, ఆ మాంసం తిని మా నావికులు, మావాడితో సహా, ఆ రైతు దేశపు ఓడలకే ఫిరంగులు గురిపెట్టి నిలబడతారు, ఈ విడ్డూరం ఎవరితో చెప్పుకోను.

రండి పైలట్ మేడమ్, కాఫీ తాగండి ముందు, ఈ మంచులో మీ ఊరు ఉందో లేదో కూడా తెలియట్లేదు, అన్నాడు అమెరికన్ కెప్టెన్ హాల్వర్సన్, నెరిసిన గడ్డం, అలసిన కళ్ళు, ఉందిలెండి, నిన్ననే చూశాను, అన్నాను, నవ్వాడు, ఇక మీ ఓడ జబ్బులేమిటో చెప్పండి, అంటే మాత్రం అంతా బాగుంది అని చూపు తిప్పుకున్నాడు, ఏ ఓడా అంతా బాగుండదు, పైలట్ ఎక్కగానే కెప్టెన్ ఓడ లోపాలు చెప్పాలి, పైలట్ ఆ నీళ్ళ లోపాలు చెప్పాలి, ఏ దేశమైనా ఇదే ఆనవాయితీ, మంత్రసాని ముందా మర్మం, కానీ మా రెండు దేశాలూ సుంకాల మీద సుంకాలు వేసుకుంటున్న రోజులు, లోపముందని తెలిస్తే ఓడను ఇక్కడే ఆపేస్తారని ఈయన భయం, నా భయం వేరు, ఇంత బరువు ఆగకపోతే రేవుగోడ పిండైపోతుంది, దాని మీద తాళ్ళందుకునే మా మనుషులు నిలబడి ఉంటారు.

చూడండి కెప్టెన్, నా కొడుకు దక్షిణాన మీవాళ్ళ ఓడల ఎదురుగా ఉన్నాడు, కబురు లేదు, నిద్ర లేక నా బుర్ర ఇవాళ మొద్దుబారింది, నా మాట తేడాగా తోస్తే మొహమాటపడకుండా మళ్ళీ అడగండి, ఇది నా లోపం, మీది చెప్పండి, అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు, శత్రుదేశపు మనిషితో, ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు, ఓడను ఆపేందుకు తిప్పినా ఇంజను ఒక్కోసారి వెనక్కి తిరగదు మేడమ్, అన్నాడు, ఒడ్డున అధికారులకు చెప్పేస్తారా, అని ఆయనే అడిగాడు, చెప్పక తప్పదండీ, అన్నాను, తెలుసు, తెలిసే చెప్పాను, గోడ మీద మనుషులుంటారుగా, అన్నాడు.

ఓడల్ని లాగే టగ్ పడవలు ఎప్పుడూ ఉండే రెండు కాక ఇంకో రెండు పిలిపించి ఓడ వెనకభాగానికి కట్టించాను, పాకుతున్నట్టే వచ్చాం, మంచులోంచి ముందు గోడ, తర్వాత దాని మీద మనుషులు, వాళ్ళ టోపీలు, వాళ్ళ ముఖాలు కూడా, వెనక్కి, అన్నాను, ఆయన పిడి లాగాడు, ఏమీ లేదు, మళ్ళీ లాగాడు, అడుగున ఒక్క వణుకైనా లేదు, లాగండర్రా, అని రేడియోలో అరిచాను, తాళ్ళు మూలిగాయి, నాలుగు బుల్లి పడవలు నల్లటి పొగ కక్కుతూ ఆ కొండను పట్టుకుని వెనక్కి ఈడ్చాయి, ఓడ ఆగింది, కింద ఎవడో సిగరెట్ వెలిగించుకుంటూ, ఏం మెంగ్ అక్కా, మమ్మల్ని పచ్చడి చేద్దామనుకున్నావా, అని అరిచాడు, వాడికేం తెలుసు, కెప్టెన్ ముందే చెప్పకపోతే నిజంగా పచ్చడే అయ్యేవాడు, ఇంత మహాకాయాన్ని ఆపింది ఒక ముసలాయన సిగ్గు విడిచి అన్న చిన్న మాట కదా, దక్షిణాన కూడా రెండు ఓడలు ఎదురెదురుగా ఉన్నాయి, రెండిట్లోనూ అంతా బాగుందనే అంటారు, నిచ్చెన వేసేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళు లేరు, మా ఇంజను వెనక్కి తిరగడం లేదు, కాస్త చూడండి, అని అక్కడ ఎవరో ఒకరు ముందుగా అనాలి, వాళ్ళో మేమో ఎవరైనా సరే, నా కొడుకు ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉంది.