అరవై మూడు రోజుల దుంప

శనివారం ఉదయం చేపల తొట్టిలో నీళ్లు మార్చడం ఆమె పని. తొట్టి కొన్నది మాత్రం భర్త. కొన్న మొదటి నెలంతా ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా దాని ముందు నిలబడేవాడు. రెండో నెలకు గాజుకి పాచి పట్టింది. మూడో నెలలో ఒక పొద్దున పేపరు చదువుకుంటూ, "ఏమోయ్, ఆ తొట్టి కంపు కొడుతోంది, చూసుకోవేం?" అన్నాడు. అంతే, ఆ మాటతో తొట్టి ఆమెదైపోయింది. ఆ ఇంట్లో పనులన్నీ ఆమెకు అలాగే వచ్చాయి. ఎవరూ అప్పగించరు. ఎప్పటినుంచో తనే చేస్తున్నట్టూ, ఇవాళెందుకో మరిచిపోయినట్టూ అడుగుతారు.

ట్యూబు ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోట పెట్టి పీల్చి, నీళ్లు నోటిదాకా రాకముందే బకెట్లోకి వదలాలి. కొత్తలో వారానికో గుక్క చేపల నీళ్లు మింగేది. "ఇన్నాళ్లకి నీక్కూడా ఏదో ఒకదాని రుచి తెలిసింది అమ్మాయ్" అని అత్తగారు నవ్వేది. ఆవిడ హాస్యమంతా వంటింటి గడప దాటి రాదు, కానీ సూదిలా సరిగ్గా గుచ్చుకుంటుంది.

చేపలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. మిగిలింది దుంప మొక్క. ఉసిరికాయంత నల్లటి దుంప, దాని నెత్తిన అలల అంచుల్లాంటి పొడుగాటి ఆకులు. దుంపని రాళ్లలో పూర్తిగా పాతిపెడితే కుళ్లిపోతుందనీ, నెత్తి పైకి కనిపించాలనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు దుంపలు పోగొట్టుకుని నేర్చుకుంది. ఇప్పుడు ఏటా పూస్తుంది. నీళ్ల అడుగునుంచి దారంలాంటి కాడ లేచి, పైకొచ్చి, గాలి తగిలాక చీలి తెల్లటి కంకి అవుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి తీపి వాసన. ఆ వాసన ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అంత దగ్గరకి ఇంకెవరూ వెళ్లలేదు.

ఆ శనివారం రాళ్లు తక్కువయ్యాయి. వీధి చివరి కొట్టు మూసి ఉండటంతో బజారులో పెద్ద కొట్టుకి వెళ్లింది. భర్త తిరిగే చేపల తొట్ల క్లబ్బు వాళ్లంతా చేరే చోటది. ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు. రాళ్లు తూచి సంచిలో పోస్తూ కొట్టతను మాట కలిపాడు.

"దుంప మొక్కలకా అమ్మా? పువ్వు చూశారా ఎప్పుడైనా?"

"చూశాను."

"అదృష్టమే. ఊరికే పుయ్యదమ్మా అది. దానికో పద్ధతుంది. ఆకులు రాలిపోయాక దుంప బైటికి తీసి, తడి ఇసకలో పెట్టి, డబ్బా మూత కొంచెం వదులుగా ఉంచి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, ఉల్లిపాయలకి దూరంగా పెట్టాలి. సరిగ్గా అరవై మూడు రోజులు. అరవై రెండు కాదు, అరవై నాలుగు కాదు. దుంపల మాస్టారని ఒకాయన ఉన్నారు, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి కనిపెట్టారు. రేపే సభ, రండి, మీక్కూడా పనికొస్తుంది."

గోడ మీద కాగితం అంటించి ఉంది. 'అరవై మూడు రోజుల రహస్యం.' కింద ఫొటోలో భర్త, తను ఎప్పుడూ ఇస్త్రీ చేసే నీలం చొక్కాలోనే.

సంచి పట్టుకుని బయటికొచ్చింది. కాళ్లు ఇంటి వైపు నడుస్తున్నాయి. ఉల్లిపాయలకి దూరంగా! ఆ మాట తనది. ఆర్నెల్లుగా సాయంత్రాలు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇసక మరీ తడిగానా, పొడిపొడిగానా?" అని అతను అడుగుతూంటే, కూర కలుపుతూ, మంట తగ్గిస్తూ చెప్పుకుపోయింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో తన మాట అతను అంత శ్రద్ధగా విన్నది అప్పుడే. ఒకరోజు చెబుతూ చెబుతూ చారు పొంగబెట్టుకుంది కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లంతా మంట పుట్టింది. దొంగతనం అంత బాధ పెట్టలేదు. ఆ ఇంట్లో ఆమె చేసిన పని ఆమె పేరున ఎప్పుడుంది కనక? పండగలకి ఒళ్లు హూనం చేసుకుని ఇల్లు సర్దితే, వచ్చినవాళ్లు అత్తగారి ఓపికని మెచ్చుకుని వెళ్లేవారు. దానికి అలవాటు పడిపోయింది. కానీ అరవై మూడు? అది అతనికెవరిచ్చారు?

ఏడేళ్ల కిందట అమ్మ స్నానాలగదిలో పడిపోయిందని ఫోనొచ్చినప్పుడు తొట్టిలో ఆకులన్నీ రాలి ఉన్నాయి. దుంప చచ్చిపోతోందనుకుంది. నీళ్లలో వదిలేసి వెళ్తే మార్చేవాళ్లు లేరు, కుళ్లడం ఖాయం. బట్టలు సర్దుకుంటూనే దాన్ని తీసి, ఇసక డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా అడుగు అరలో వెనక్కి తోసేసింది. పద్ధతీ లేదు, ప్రయోగమూ లేదు. ఎవరి కంటా పడకుండా ఏదో ఒకటి బతకాలన్న ఆత్రం. "తినే వస్తువుల మధ్య బురదేంటే" అని అత్తగారు వెనకనుంచి అంటూనే ఉంది.

అమ్మ వెంటనే పోలేదు. ఆసుపత్రి మంచం పక్క ఇనప స్టూలు మీద ఆమె కూర్చుంది, లేచింది, తుడిచింది, తినిపించింది. చివరి వారం అమ్మ తనని నర్సనుకుని, "మా అమ్మాయి వస్తుందా?" అని అడిగేది. వస్తుందని తనే చెప్పేది. అన్నీ అయ్యాక తిరిగొస్తే భర్త తలుపు తీసి, పెట్టె అందుకుంటూ, "అరవై మూడు రోజులు" అన్నాడు. అంతే అన్నాడు. లెక్కపెట్టుకున్నాడు! ఆ సాయంత్రం డబ్బా తీసి చూస్తే, చీకట్లో, చలిలో, దుంప నెత్తిన గోరంత తెల్లటి మొలక. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, ఫ్రిజ్ తలుపు తెరిచే ఉండగా.

ఆ అంకెను ఆమె దాచుకుంది. అతను విసుక్కున్నప్పుడు, స్నేహితుల ముందు "మా ఆవిడకేం తెలుసు" అన్నప్పుడు, జ్వరంతో పడుకుంటే "మరి వంటో?" అన్నప్పుడు, లోపల ఎవరో వకీలు లేచి అతని తరఫున వాదించేవాడు: నువ్వు లేని రోజులు లెక్కపెట్టాడు, మరిచిపోకు. ఒక్క సాక్ష్యం మీద ఏడేళ్లు కేసు నడిపింది.

దుంపకి అంకెలతో పనే లేదని ఆమెకు తెలుసు. తర్వాత ఒక ఏడాది యాభై రోజులకే మొలిచింది, ఒక ఏడాది డెబ్బై దాటింది. రోజూ మూత తీసి చూసుకోవాలి, తెల్లటి మొలక కనిపిస్తే నాటాలి. ఇదీ చెప్పింది అతనికి. అతను వినలేదు.

ఆదివారం వంట ముగించి, "బజారుకి వెళ్లొస్తానండత్తయ్యా" అని చెప్పి బయల్దేరింది. అద్దె హాల్లో ఓ నలభైమంది, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వెనక వరసలో కూర్చుంది. భర్త ఆమెను చూసి కనుబొమలెగరేసి, ఆ వెంటనే సంతోషంగా తలూపాడు. తన గొప్ప చూడటానికి వచ్చిందనుకున్నాడు. బాగానే మాట్లాడాడు. ఆమె మాటలకి అతని గొంతు బాగా నప్పింది.

ముందు వరసలో ముసలాయన ఒకరు లేచారు. "మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశానండీ. అరవై మూడో రోజున మూత తీస్తే దుంప మెత్తగా కుళ్లిపోయుంది. మా ఇంటిదాని దగ్గర చివాట్లు మిగిలాయి."

"మీ ఫ్రిజ్‌లోనే లోపం ఉంటుందండీ!" అన్నాడు భర్త. హాలంతా నవ్వింది.

ఆమె లేచి నిలబడింది. అతను తడబడితే చాలు అనుకుంది. ఒక్క క్షణం తన కళ్లలోకి చూసి, తర్వాత ఎంత అబద్ధమైనా చెప్పనీ. ఆ క్షణం పట్టుకుని ఇంకో ఏడేళ్లు బతకగలదు.

"అరవై మూడే ఎందుకండీ?" అంది.

"మంచి ప్రశ్న." అతను ఆమె కళ్లలోకే చూశాడు. "మొదట నలభై ఐదుతో మొదలుపెట్టాను. తర్వాత యాభై. అరవై దగ్గర ఫలితం కనిపించింది. అక్కణ్ణుంచి ఒక్కో రోజే పెంచుకుంటూ పోయాను. ప్రకృతికి ఒక లెక్కుంటుంది, దాన్ని ఓపిగ్గా పట్టుకోవాలి."

ఆ కళ్లలో ఎక్కడా మరక లేదు. ఆమె వెతికింది. జడ్జి ముందు ప్రమాణం చేసే మనిషి కళ్లు కూడా అంత తేటగా ఉండవు. అతను అబద్ధం చెప్పడం లేదు. అబద్ధమే అయితే బాగుండేది. అబద్ధం ఆడేవాడికి నిజం గుర్తుండాలి, దాచడానికైనా. అతనికి ఆ గుమ్మం, ఆ పెట్టె, అమ్మ పోయి వచ్చిన తన మొహం, ఏవీ లేవు. అంకె ఒక్కటే మిగిలింది, ఎక్కడో దొరికిన గొళ్లెంలా. దానికి తలుపు తనే కట్టుకున్నాడు. చప్పట్లు మోగుతుంటే ఆమె కూర్చుంది. లోపలి వకీలు కాగితాలు మడిచి ఎప్పుడు వెళ్లిపోయాడో తెలియలేదు.

సభ అయ్యాక మెట్ల కింద స్కూటర్ దగ్గర అతను మెరిసిపోతున్నాడు.

"ఏమోయ్, భలే అడిగావు! సరిగ్గా అక్కడే అడగాలని ఎలా తోచింది నీకు? వచ్చే నెల ఇంకో సభ ఉంది. అక్కడా ఇలాగే లేచి అడుగు. ఎవరో తెలియనట్టు."

"అడుగుతాను" అంది. "జవాబు కూడా నేనే చెబుతాను."

అతను నవ్వాడు. "ఏమని చెబుతావేమిటి?"

"మా అమ్మ పోవడానికి అన్ని రోజులు పట్టిందని."

తాళంచెవి రంధ్రంలో సగం దూరి ఆగింది. అతని మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, దాని వెనక ఏదో మెల్లగా కదిలింది. పెదవులు తెరుచుకున్నాయి. గుర్తొచ్చింది అతనికి. ఆ గుమ్మం గుర్తొచ్చింది.

"ఇప్పుడు… ఇప్పుడెందుకవన్నీ. ఎక్కు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు. "ఏయ్, ఎక్కడికి?"

హాల్లో ఇంకా కుర్చీలు మడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కుళ్లిన దుంప ముసలాయన ఇంకా వెళ్లలేదు, ఎవరితోనో గొంతు పెంచి తన ఫ్రిజ్ మంచిదేనని వాదిస్తున్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, వచ్చే నెల దాకా ఆగకుండా, మెట్లెక్కి ఆయన దగ్గరికి వెళ్లింది.