చిలకపచ్చ బురుజు

మామగారి మీద నీలవేణి పెట్టదగ్గ ఫిర్యాదు ఒక్కటే. మనిషి తాగడు, తిట్టడు, కోడలు ఏది వండితే అది తిని పళ్లెం తనే కడుక్కుంటాడు. కానీ ఇంటికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, బాలనర్సింహకు చేతులు ఆగవు. ఏదో ఒకదానికి రంగు వేస్తాడు. నీలవేణి కాపురానికి వచ్చిన రోజు గడపకు వేసిన పసుప్పచ్చ పెయింటు ఆరలేదు. కుడికాలు లోపల పెట్టమంటే పెట్టింది. ఆ కాలి ముద్రలు దేవుడి గది దాకా వెళ్లాయి, అవి ఏ లక్ష్మీదేవి అడుగులో అనుకుని చుట్టాలు దండం పెట్టారు. మరోసారి కరెంటు మీటరు చూసే మనిషి వస్తున్నాడని మీటరు డబ్బాకు వెండిరంగు కొట్టాడు. అద్దం మీద కూడా కొట్టాడు. ఆ నెల బిల్లు ఏదో అంచనా మీద వేసుకుని పోయారు.

దారం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. నాచారంలో ఫ్యాక్టరీలు రాకముందు, ఇదంతా జొన్నచేలుగా ఉన్నప్పుడు, వాళ్ల తాతలు ఇక్కడే సేద్యం చేశారు. ఆ చేలు పోయాయి, బావి పూడింది, బంధువులు సగం మంది నాగారం వైపు జాగాలు కొనుక్కుని వెళ్లారు. పాత ఊర్లో మిగిలింది వాళ్ల ఇల్లు, ఇంటి పక్కన బురుజు. రాయి, సున్నపు గచ్చు కలిపి కట్టిన గుండ్రటి కట్టడం, మూడంతస్తుల మేడంత ఎత్తు. దోపిడీగాళ్లు వస్తున్నారేమో చూడడానికి ఒకప్పుడు దానిమీద కావలి ఉండేదట. నీలవేణి వచ్చేనాటికి కావలి పని కేబుల్ టీవీ వైర్లు చూసుకుంటున్నాయి. గోడ చుట్టూ కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, సమ్మె పోస్టర్లు, వాటిమీద మూలశంక మందు పోస్టర్లు.

బాలనర్సింహ రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి వస్తాడు. ఊడిన రాయి ఉంటే చేత్తో తట్టి లోపలికి నెడతాడు. అత్తగారు సత్తమ్మ దాన్ని సవతి అనే పిలుస్తుంది.

"సవతి లేసిందా? అయితే ఇగ ఛాయ్ తాగుండ్రి" అంటుంది.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడు అది. ఆ ఊపులో చుట్టుపక్కల గల్లీలకు కూడా రోడ్డు వెడల్పు పట్టుకుంది. ఒకరోజు కొలతల వాళ్లు వచ్చి బురుజు మీద ఎర్రగీత గీసి పోయారు. ఇంటి ముందు కనిపించిన రంగుల్లో బాలనర్సింహ వేయనిది అదొక్కటే. గీత బురుజు నడుమ నుంచి పోయింది. అంటే రోడ్డు వైపు సగం పోతుంది, ఇంటి వైపు సగం ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయన పళ్లు తోముకుంటూ సగం తిరిగి, గీత దగ్గర ఆగి, వెనక్కి వచ్చేవాడు.

ఆ నెలలోనే మానస అనే అమ్మాయి కెమెరా మెడలో వేసుకుని గేటు ముందు నిలబడింది. పాత కట్టడాల వివరాలు సేకరించే ఒక కమిటీలో పనిచేస్తుందట. నీలవేణి డిగ్రీలో చదివింది చరిత్రే. ఆ చదువు పెళ్లయ్యాక పిల్లవాడి హోంవర్కుకు తప్ప దేనికీ పనికిరాలేదు కాబట్టి, గేటు దగ్గరే ఆ అమ్మాయిని చాలాసేపు పట్టుకుంది.

"మా సారు వచ్చి చూసి కొలతలు రాసుకుంటే రోడ్డు కొంచెం పక్కకు జరుపుతారక్కా" అంది మానస. "అట్ల రెండు మూడు చోట్ల జరిపిన్రు కూడా. కానీ సోమవారం మిషన్లు వస్తయంటున్నరు. గురువారం సారును తీసుకొస్తా."

ఆ మాట విన్న బాలనర్సింహ రెండు పూటలు అన్నం సరిగ్గా తిన్నాడు.

మంగళవారం నీలవేణి దమ్మాయిగూడలో తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లింది. వెళ్లేముందు మామకు ఒక్కమాట చెప్పి పోవలసింది. చెప్పలేదు. బురుజంత పెద్దదానికి ఎవరూ రంగు వేయలేరని ఆమె నమ్మకం.

గురువారం పొద్దున ఆటో మలుపు తిరగగానే ఆ నమ్మకం పోయింది. బురుజు చిలకపచ్చ రంగులో మెరుస్తోంది. పైన చుట్టూ గులాబీ రంగు అంచు. రాయి అన్నది లేదు. అడుగు నుంచి అంచు దాకా సిమెంటు కొట్టి, నున్నగా తాపీ తిప్పి, దానిమీద రంగు వేశారు. రోడ్డు వైపు పసుపు అక్షరాల్లో 'స్వాగతం' అని రాసి ఉంది.

ఆటో అతను మీటరు కూడా చూడకుండా అడిగాడు. "ఫంక్షన్ హాలా అక్కా?"

బాలనర్సింహ చేతులకు కిరసనాయిలు రాసుకుంటూ ఎదురొచ్చాడు. "ఎట్లున్నది బిడ్డా?"

"ఏంది మామా ఇది?"

"మన పోశయ్య లేడూ, మేస్త్రీ. రెండు రోజులల్ల సిమెంటు గొట్టి, రంగేసి చేతిల వెట్టిండు. చెంగిచెర్లల ఏదో వెంచరు గేటుకు తెచ్చిన రంగట, మిగిలిందని తెచ్చిండు. మస్తు మెరుస్తుంది సూడు."

"రాళ్లేవి?"

"లోపల్నే ఉన్నయ్. యాడికి వోతయ్?"

సత్తమ్మ అరుగు మీద నుంచి అందుకుంది. "నేను చెప్తే ఇంటడా? పెద్దోళ్లు వస్తున్నరట, బురుజు పాతగున్నదని నవ్వుతరట! నీ మొగడు డ్యూటీకని పొద్దుగాల్నే పోయిండు, నీ మొకం సూడలేక."

"పాతగున్నదనే సూడనీకి వస్తున్నరు మామా!"

"పాతది సూడనీకి ఎవడన్న అంత దూరం కెల్లి పెట్రోలు కాల్చుకుంట వస్తడా?" బాలనర్సింహకు కోడలి చదువు మీద అనుమానం వచ్చింది. "పెండ్లిసూపులకు పిల్లను మాసిన చీరల కూసోవెడ్తమా ఏంది?"

నీలవేణి సంచీ అరుగు మీద పెట్టి, చిలకపచ్చ గోడను గోరుతో గీకి చూసింది.

పదకొండు దాటాక కమిటీ కారు వచ్చింది. మానస దిగి, బురుజును చూసి, ఇంటి నంబరు చూసుకుని, మళ్లీ బురుజును చూసింది. ఆమె వెనక దిగిన పెద్దాయన పేరు చిదంబరం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు, మెల్లగా మాట్లాడతాడు. ఆయన బురుజు నీడలోనే నిలబడి గొడుగు మడిచాడు.

"బురుజు ఎక్కడుందమ్మా?"

"గిదే సార్" అన్నాడు బాలనర్సింహ, చేతులు కట్టుకుని.

"ఇది వాటర్ ట్యాంకు కాదూ?"

సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిదంబరం ఒక చుట్టు తిరిగాడు. అక్కడక్కడ వేళ్లతో కొట్టి చూశాడు. గోడకు ఆనించి ఉన్న పాన్ డబ్బా చూసి, "కట్టడాన్ని రికార్డులో చేర్చామంటే దానికి ఆనుకున్నవన్నీ తీసేయాలండీ, డబ్బా అయినా, ఇల్లయినా" అని ఇంటివాళ్లు వింటుండగానే ఆ డబ్బా మనిషికి చెప్పాడు. తిరిగి వచ్చి బాలనర్సింహ ముందు నిలబడ్డాడు.

"మేం రాసుకోవాల్సింది రాయి, గచ్చు, వరసలు. ఏదీ కనపడడం లేదు. ఒక్క వైపన్నా అసలు గోడ ఉండాలి."

"సిమెంటు గీకితే?" అంది నీలవేణి.

"ఇప్పుడు గీకితే దాంతో బాటే గచ్చూ ఊడి వస్తుంది. ఓపిగ్గా తీయాలి, నెలలు పడుతుంది. మీకేమో సోమవారం దాకానే టైముంది." ఆయన బాలనర్సింహ వైపు తిరిగాడు. "గచ్చు గోడ తడి పీల్చుకుంటుంది, వదులుతుంది. మీరు మూత పెట్టేశారు. లోపలి తడికి దారి లేక రాళ్లు ఉబ్బుతాయి."

"ఉబ్బనీకి అవేమన్న పూరీలా సార్? మా మిల్లు గోడలన్ని సిమెంటువే. ఏమైంది? ఇంకో వందేండ్లు గట్టిగుంటది. మీరు రాసుకుంటే రాసుకోండ్రి, లేకుంటే లేదు!"

గొంతు పెరిగింది కానీ చేతులు కట్టుకునే ఉన్నాయి. మానస మధ్యలోకి వచ్చింది. "వెనక ఎట్లుంది అంకుల్? ఇంటి వైపు?"

బాలనర్సింహ కోడలి వైపు చూడకుండానే జవాబు చెప్పాడు. "గాడ మా తాత కట్టిన ఇటుక గోడ బిడ్డా. ఏం లేదు."

చిదంబరం పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఇటుక గోడ అని చెప్పింది ఆయన ఇదే మొదటిసారి కాదు. ఇంటిపన్ను వాళ్లకూ అదే చెప్పాడు, కొలతల వాళ్లకూ అదే చెప్పాడు. కానీ పదేళ్లుగా ఆ గోడకు ఎదురుగా నిలబడి వంట చేస్తున్నది నీలవేణి. వంటింటికి మూడు గోడలు తిన్నగా ఉంటాయి, నాలుగోది కడుపుతో ఉన్నట్టు లోపలికి ఉబ్బి ఉంటుంది. దానికి ఏ అలమారా ఆనదు, ఏ క్యాలెండరూ నిలవదు. బురుజు కట్టినప్పుడు తుపాకి గొట్టం పెట్టడానికి వదిలిన సందులో ఆమె ఉప్పు డబ్బా పెట్టుకుంటుంది. ఏడేళ్లు అడగ్గా అడగ్గా పోయినేడు వేయించిన గ్రానైటు గట్టును కూడా పోశయ్యే ఆ వంపుకు తగ్గట్టు కోసి, దిగువన అమర్చి పోయాడు. అది చూడడానికి చెంగిచెర్ల నుంచి అక్క ప్రత్యేకంగా వచ్చి, కుళ్లుకుని వెళ్లింది.

నోరు మూసుకుంటే సోమవారం రోడ్డు వైపు సగం బురుజు లారీలెక్కుతుంది, వంటిల్లు ఉంటుంది. నోరు తెరిస్తే బురుజు ఉంటుంది, గ్రానైటు పోతుంది. నీలవేణి కాసేపు లెక్క చూసుకుంది. లెక్క తేలలేదు. మామ గోడ అంచున సిమెంటు మరకను బొటనవేలితో గీకుతున్నాడు, తనకు తెలియకుండానే.

ఆమె నోరు తెరిచింది, కానీ గోడ గురించి కాదు.

"ఎండల నిలవడ్డరు సార్. లోపలికొచ్చి ఛాయ్ తాగిపోండ్రి."

ముందు గదిలో పెయింటు డబ్బాలు, తడి బ్రష్షులు, మామ మంచం. ఆమె రెండు కుర్చీలు ఎత్తి వంటింట్లోకి నడిచింది.

సత్తమ్మ వెనకాలే వచ్చింది. "ఓ పిల్లా, పెద్దమనుషులను పొయ్యి కాడ కూసోవెడ్తవా?"

"ఫ్యాను గీడనే ఉన్నది అత్తమ్మా."

చిదంబరం కూర్చున్నాడు. నీలవేణి ఛాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఊడవాలన్నట్టు గోడ దగ్గరి బియ్యం డబ్బాను పక్కకు జరిపింది. తర్వాత పప్పు డబ్బాను. తర్వాత, అవసరం లేకపోయినా, జల్లెడను.

గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగింది. పొగచూరి నల్లబడిన రాళ్లు, వాటి మధ్య తెల్లటి గచ్చు గీతలు, నేల నుంచి దూలం దాకా ఒక్క వరస చెదరకుండా ఉన్నాయి. మానస లేచి రెండు అరచేతులూ గోడకు ఆనించింది. ఉప్పు డబ్బా పక్కకు తీసి, సందులోకి తొంగి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఈ గోడ ఎవరు కట్టారండీ?" అన్నాడు చిదంబరం.

బాలనర్సింహ గుమ్మంలోనే ఉండిపోయాడు. "మా తాత."

"ఇటుకతో?"

కుక్కరు ఒక ఈల వేసింది. నీలవేణి మంట తగ్గించింది.

"మీ ఇల్లు, మీ మాట. ఇటుక అంటే ఇటుక అనే అనుకుని పోతాను" అన్నాడు చిదంబరం, మర్యాదగానే. "సోమవారం వాళ్లు బయటి సగం తీసుకుంటారు. వంటిల్లు మీకు ఉంటుంది. రాయి అంటే ఇప్పుడే కొలుస్తాం. బురుజు ఉంటుంది, సిమెంటు మెల్లగా తీయిస్తాం. వంటిల్లు మాత్రం జరుపుకోవాలి."

మానస టేపు కొస పట్టుకుని నిలబడింది, లాగలేదు.

బాలనర్సింహ కోడలి వైపు చూశాడు. ఆమె ఛాయ్ ఎందుకు పెట్టిందో ఆయనకు అప్పుడు అర్థమైంది. కోపం వస్తుందని ఆమె అనుకుంది. రాలేదు.

"నీ గ్రానైటో, బిడ్డా?"

"గిది వంకర్ల గ్రానైటు మామా. పెరుగు గిన్నె వెడ్తే జారుతది. ఈపాలి సక్కటి గోడ కట్టి, సక్కగ ఏయిస్తవు తియ్యి. రంగు మాత్రం నన్నడిగి."

ఆయన లోపలికి వచ్చాడు. చేతికి ఇంకా చిలకపచ్చ ఉంది. ఆ చేతిని లుంగీకి తుడుచుకుని గోడ మీద పెట్టబోయి, పచ్చ అంటుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

"రాయే సార్. మా తాత ఇటుక ముక్క వెట్టలే, ఇల్లు దీనికి ఆనిచ్చిండు గంతే. నాలుగు కాలాలు నిలవడ్డది ఇది, రెండు రోజులల్ల నేను మూత వెట్టిన. తప్పయింది."

ముందు గదిలోకి పోయి కూర్చున్న సత్తమ్మ అక్కడి నుంచే కేక వేసింది. "ఏమన్నవ్? ఫ్యాను సప్పుడుకు ఇనవడ్తలే!"

నీలవేణి చేయి చాచి ఫ్యాను ఆపింది.

"తప్పు నాది అంటున్న!" అన్నాడు బాలనర్సింహ. "నాదే తప్పు!"